సన్నటి హోరు

పన్నెండింటికి సుధామయి చెప్పాల్సింది ఒక్క మాట. కొనొచ్చు అని గానీ, వద్దు అని గానీ. ఆ మాట కోసం హైదరాబాదులో వెంకటకృష్ణారావు గారు, ఆయన పైన ఇంకెవరో, ఆ పైన సముద్రాల అవతల ఇంకెవరెవరో ఆదివారమని కూడా చూడకుండా కాచుక్కూర్చున్నారు. ఊళ్ళకీ దేశాలకీ మధ్య తీగలు లాగి, పెట్టెలు బిగించి, ప్రపంచంలో సగం నెట్టు మా చేతుల మీదుగానే పోతుందని చెప్పుకునే అంత పెద్ద కంపెనీ, బెంగుళూరులో ముగ్గురు కుర్రాళ్ళు పెట్టిన స్వరలింక్ అనే నెట్ ఫోను కంపెనీని కొనాలా వద్దా అన్న సంగతి తిరువూరు బస్టాండు ఎదురు సందులో, రాయప్ప నెట్ సెంటర్లో, ప్లైవుడ్ చెక్కలు అడ్డం కట్టిన మూడో నెంబరు గూట్లో కూర్చున్న ఈ ముప్ఫై ఆరేళ్ళ మనిషి నోట్లో ఉందంటే ఎవరూ నమ్మరు. రెండు నెలలు పరీక్షలు చేసింది ఆమె జట్టే కాబట్టి చివరి మాట ఆమెదే అన్నారు. రిపోర్టు చివర 'వద్దు' అని టైపు చేసి, ఈ గూట్లో కూర్చోగానే పంపించింది కూడా. మొన్న అక్క మాసికానికి వస్తూ, విజయవాడలో బస్సు మారాక, ఎ.కొండూరు దాటుతుంటే, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ రెండక్షరాలూ కొట్టింది. కొట్టాక ప్రాణం కాస్త చల్లబడింది. ఒక మనిషి మీద పగ తీర్చుకున్నట్టే ఉంది. కంపెనీ కొనకపోతే ఈ నెలాఖరుకి స్వరలింక్ మూతపడుతుంది, పడనీ అనుకుంది.

ఇంకా గంట ఉంది. పదకొండుకే వచ్చి కూర్చుంది. బావ ఇంట్లో ఫోనుంది, దానికే చెయ్యమంటే సరిపోయేది, కానీ వెంకటకృష్ణారావు గారికి ఇలాంటివి సరదా. "మనం కొనబోయే దాని మీదే మాట్లాడుకుందామండీ, అదీ మీ ఊరి లైను మీద. తిరువూరులో పలికిందంటే ఎక్కడైనా పలుకుతుంది" అన్నారు. అందుకని ఈ గూడు. మే నెల ఎండకి పై రేకు టపటపమంటోంది. బయట మామిడికాయల లారీ ఒకటి వెనక్కి వస్తూ వస్తూ ఎంతకీ రావడం లేదు, దాని వెనక ఎవడో రానీ రానీ అని గొంతు చించుకుంటున్నాడు. ఆమె గుమ్మంలోకి అడుగుపెట్టగానే రాయప్ప లేచి నిలబడ్డాడు. "మీరు అలివేలు టీచరు గారి చెల్లెలు కదండీ? అదే మొహం" అని, ఏ గూడు కావాలో అడగకుండానే మూడో నెంబరు ముందు కుర్చీ లాగి, తన తువ్వాలుతో ఒకసారి దులిపాడు. "టీచరు గారు ఇక్కడే కూచునేవారండి." ఆమె తలూపి కూర్చుంది. కుర్చీ చేతి మీద రెక్సిను ఒకచోట చిరిగి స్పంజి బయటికొచ్చింది. అక్క వేలు ఊరుకునేది కాదు, ఇలాంటి కన్నం కనిపిస్తే గిల్లుతూనే ఉండేది. ఇంట్లో చాప అంచులన్నీ అలాగే పాడయ్యాయి. ఇది అక్క గిల్లిందో, ఇంకెవరు గిల్లారో ఎవరికి తెలుసు. తనూ వేలు పెట్టి, తీసేసింది.

అక్క ఊ కొట్టేది. ఆ సంగతి బయటివాళ్ళకి చెబితే ఇందులో ఏముంది అంటారు, తెలుగు దేశంలో ఊ కొట్టనివాళ్ళెవరు అంటారు. కానీ అలివేలుమంగ కొట్టే ఊ వేరు. సుధకి ఏడేళ్ళప్పుడు అమ్మ పోయింది, అప్పటికి అక్కకి పంతొమ్మిది. ట్రైనింగు స్కూలు పుస్తకాలు ఒక పక్క, పొయ్యి మీద అన్నం ఒక పక్క, వెనక వీపుకి ఆనుకుని చెల్లెలు. చెల్లెలు చెప్పేది, అక్క వినేది. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కథ చెప్పి పిల్లలు ఊ కొడతారు, వీళ్ళింట్లో అంతా తిరకాసే. బళ్ళో ఎవరు ఎవరిని గిచ్చారో, లెక్కల మాస్టారు ఏ రంగు చొక్కా వేసుకొచ్చారో, కుక్క ఎవరి టిఫిను తిన్నదో, చెప్పుకుంటూ పోతుంటే అక్క ఊ, ఊ అంటూ ఉండేది. సాగదీసిన ఊ ఒకటి, అయితే ఏమైంది అని. ముక్కులోంచి పొట్టిగా ఒకటి, నువ్వు కోతలు కోస్తున్నావు అని. గొంతు కిందుగా ఒకటుండేది, దానికి మాటల్లో అర్థం చెప్పలేం. నువ్వు చెప్పు, నేనున్నాను అని కాబోలు. సుధ మధ్యలో అనుమానం వచ్చి ఆగి, "ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు చూద్దాం" అనేది. అక్క గంటెతో అన్నం కలుపుతూనే మొదట్నుంచీ చివరిదాకా అప్పగించేసేది. తర్వాత దత్తాత్రేయులు బావతో పెళ్ళయింది, చెల్లెల్ని వెంటబెట్టుకునే అత్తారింటికి వచ్చింది, ఎ.కొండూరు బళ్ళో ఉద్యోగం వచ్చింది, పిల్లలు కలగలేదు. సుధ చదువులూ పరీక్షలూ జ్వరాలూ, అన్నీ ఆ ఊ కిందనే జరిగిపోయాయి. ఎవరైనా తన మాట అంత శ్రద్ధగా వింటారనే భ్రమతో పెరిగింది. అందుకే కట్టుకున్న శరత్‌చంద్ర దగ్గర అంత దెబ్బతిన్నది.

శరత్‌చంద్రని ఏమనడానికీ లేదు. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు, ఒక్క దురలవాటు లేదు. మాట్లాడడు. ఏదైనా నచ్చకపోతే మాట్లాడడు, నచ్చినా మాట్లాడడు. పోనీ చిన్నప్పట్నుంచీ అంతేనేమో అనుకుంటే స్నేహితులతో గలగలా మాట్లాడతాడు. సుధ ఎదురుగా కూర్చుని ఏదో చెబుతుంటే, పేపరు మీంచి ఒకసారి చూసి మళ్ళీ పేపరులోకి పోయేవాడు. ఒకసారి నలభై రోజులు. నలభై రోజులు ఒకే ఇంట్లో ఒకే పప్పు తింటూ ఒక్క మాట లేదు. నలభై ఒకటో రోజు గోడతో మాట్లాడటం మొదలుపెట్టింది సుధ, అప్పుడు భయమేసింది. ఆ సంబంధం చూసింది అక్కే. విజయవాడ వెళ్ళి కుర్రవాణ్ణి చూసొచ్చి, "నెమ్మదస్థుడే సుధా, నోట్లో నాలుక లేదు" అని మురిసిపోయింది. ఆ మాటని తర్వాత సుధ ఎన్నిసార్లు తలుచుకుందో. కంపెనీ వాళ్ళు రెండేళ్ళకి ఆమ్‌స్టర్‌డామ్ పంపిస్తామనగానే ఎగిరి గంతేసింది. అతను రానన్నాడు. అననైనా లేదు, పాస్‌పోర్టు ఫారం పూర్తి చెయ్యకుండా బల్ల మీద వదిలేశాడు.

అక్కడ ఆకాశం ఎప్పుడూ తడిగుడ్డ రంగే. తెల్లవారు ఏడున్నరకి, ఇక్కడ పదకొండవుతుంటే, కంప్యూటరు ముందు కూర్చునేది. చలికాలమైతే ఆరున్నరకే. ఇంటికి ఫోను చేస్తే బిల్లు తలుచుకుని నిమిషం నిమిషానికీ గుండె కొట్టుకునే రోజులవి. నెట్టు మీద, ఈ స్వరలింక్‌తోనే, అయితే ఎంతసేపైనా ఫర్వాలేదు. అందుకని ప్రతి ఆదివారం అక్క బస్టాండు దాకా నడిచివచ్చి ఈ గూట్లో కూర్చుని, తలకి ఈ హెడ్‌ఫోన్లు తగిలించుకునేది. మొదటి ఆదివారం అక్క గొంతు విని సుధ ఏడ్చింది. "ఏడుపెందుకే, తిన్నావా?" అని బళ్ళో పాఠం చెప్పే గొంతుతో అక్క కేకేసింది. అంత దూరానికి అంత గట్టిగా అరవాలనుకుంది పాపం. అడిగిన మాటకి జవాబు చక్కగా వినిపించేది. కానీ తను చెబుతున్నప్పుడు అవతల ఏమీ లేదు. ఊ లేదు. చెప్పి చెప్పి ఆగేది, చెవిలో సన్నటి హోరు ఒకటే. "వింటున్నావా అక్కా?" "వింటున్నానే, చెప్పు." మళ్ళీ చెప్పేది. మళ్ళీ హోరు. ఆ హోరు రాయప్ప దుకాణంలో ఫ్యాను చప్పుడనుకుంది. మే నెల, జూను నెల, ఫ్యాను కింద అక్క బొమ్మలా కూర్చుని ఉందనుకుంది. పెద్దదవుతోంది, అలిసిపోతోంది, నా కబుర్లు ఇంకా ఏం పట్టుకుంటాయి అనుకుంది. ఇలాంటివి మనసు ఒకసారి మొదలుపెడితే ఆపదు, వారం వారం ఒక్కో రాయి పేర్చుకుంటూ పోతుంది.

కిందటేడు జూలై పద్దెనిమిది. తేదీ మర్చిపోదామన్నా పోదు. ఆ ఆదివారం సుధ శరత్‌చంద్ర సంగతి మొదటిసారి నోరు తెరిచి చెప్పింది. పేపరూ, నలభై రోజులూ, గోడా, అన్నీ. "నేను ఇంక ఆయనతో ఉండలేను అక్కా, విడిపోదామనుకుంటున్నాను" అంది. ముప్పావు గంట చెప్పింది. అంతసేపూ హోరే. కిటికీ అవతల కాలవలో పడవ ఒకటి పోతోంది, ఎవరో బిస్కత్తులు విసిరితే బాతులు కొట్టుకుంటున్నాయి, ఇవన్నీ గుర్తున్నాయి. చివరికి, "నేను చేస్తున్నది తప్పా అక్కా?" అని అడిగింది. అడిగి ఊరుకుంది. హోరు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది, ఇరవై దాకా. లైను పోలేదు, పోతే ఆ హోరు కూడా ఉండదు. అంటే అక్క అక్కడే ఉంది, విన్నది, ఊరుకుంది. మాట్లాడని మొగుడి గురించి చెబితే మాట్లాడని అక్క. "సరే, నాకు అర్థమైంది" అని సుధ మీట నొక్కేసింది. లేచి ముఖం కడుక్కుని, ఇక చెయ్యను అనుకుంది. చెయ్యలేదు.

తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. ఇన్‌లాండు లాంటి మడత కాగితం మీద అక్క గుండ్రటి దస్తూరీ. "పని ఎక్కువగా ఉందనుకుంటాను. ఒంట్లో జాగ్రత్త. వీలైనప్పుడు ఫోను చెయ్యి, ఆదివారం నేను అక్కడే ఉంటాను. బావ ఆశీస్సులు." శరత్ పేరు లేదు. పోస్టులో పోయే కాగితం మీద ఇంటి గుట్టు రాసే మనిషి కాదు అలివేలుమంగ, ఆ ముక్క తెలియని చెల్లెలా సుధ? తెలుసు. తెలిసీ, చూశావా తప్పించుకుంటోంది అనుకుంది. కోపంలో ఉన్నప్పుడు మనకు తెలిసినవి కూడా మన పక్షాన ఉండవు. జవాబు రాయలేదు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఎ.కొండూరు బళ్ళో ఏడో తరగతి పిల్లలకి పాఠం చెబుతూ అక్క సుద్దముక్క జారవిడిచి, దాన్ని తీసుకోబోయి, అలాగే పడిపోయింది. తలలో నరం చిట్లిందిట. విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే మైలవరం దాటకముందే అయిపోయింది. సుధ వచ్చేసరికి మూడో రోజు. ఇంట్లో దీపం, చాప, కళ్ళజోడు.

ఇక ఉండలేక హైదరాబాదు ఆఫీసుకి మార్పించుకుంది. అదే నెలలో స్వరలింక్ బేరం వచ్చింది, పరీక్షలు చేసే పని ఆమె నెత్తిన పడింది. అప్పటిదాకా ఆమెకి తెలిసింది తీగల మధ్య పెట్టెల సంగతేగానీ గొంతుల సంగతి కాదు. పదిహేను రోజుల కిందట ల్యాబులో ఒక కుర్రది హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలా మామూలుగా చెప్పింది. వీళ్ళ సాఫ్ట్‌వేరు గొప్పతనమంతా ఇక్కడే ఉంది మేడం, మనిషి మాట్లాడనప్పుడు ఏమీ పంపించదు, చిన్న చిన్న చప్పుళ్ళన్నీ కత్తిరించేస్తుంది, అందుకే నీరసపు లైన్ల మీద కూడా నడుస్తుంది అని. మరి అవతలివాళ్ళకి లైను పోయిందనిపించదా అంటే, "అనిపించకుండా వాళ్ళ కంప్యూటరే సన్నగా ఒక హోరు తయారుచేసి వినిపిస్తుంది మేడం, అది అబద్ధపు హోరు" అని నవ్వింది. ఎంత గట్టిగా ఉంటే మాట కింద లెక్క అని సుధ అడిగింది. ఆ పిల్ల కొలతలు చూపించింది. నోరు మూసుకుని అనే ఊ ఆ కొలతకి అందదు. సుధ బాత్రూములోకి పోయి గొళ్ళెం పెట్టుకుంది. రాయప్ప ఫ్యాను లేదు, ఫ్యాను కింద అక్క మౌనం లేదు. ఏడాదిపాటు తను విన్నది తన కంప్యూటరు చేసిన చప్పుడు. స్వరలింక్ పెట్టిన ఉమాశంకర్‌ని ఫోనులో నిలదీసింది. అతను ఏం తప్పు చేశాడో అతనికి తెలియదు పాపం. "ఆ కత్తిరింపు తీసేస్తే మీ తిరువూరు లాంటి చోట అసలు మాటే వెళ్ళదు మేడం, అది ఉండబట్టే మీవాళ్ళతో మాట్లాడగలిగారు" అన్నాడు. అది నిజమే. నిజం కావడం ఆమెకి ఇంకా కోపం తెప్పించింది. ఎవరి మీదైనా పడేయడానికి దొరికిన తప్పు, దాన్ని వదులుకోవడం ఎలా?

అప్పటికీ అది అనుమానమే. అక్క ఆ రోజు ఊ కొట్టిందో లేదో ఎవరు చెప్పాలి? కొలతలు చెప్పవు. నిన్న మాసికం అయ్యాక, బ్రాహ్మలు వెళ్ళిపోయాక, దత్తాత్రేయులు బావ వరండాలో విస్తరాకులు సర్దుతూ ఒక మాట అన్నాడు. "ఆదివారం వస్తే మీ అక్క కాళ్ళు నేల మీద ఉండేవి కావు సుధా. నీతో మాట్లాడొచ్చి ఆ కబుర్లన్నీ నాకు అప్పగించేది. అక్కడ మంచు పడిందట కదా డిసెంబరులో, నువ్వు కొత్త కోటు కొనుక్కున్నావట. ఆకుపచ్చది." సుధ చేతిలో చెంబు ఆగిపోయింది. డిసెంబరులో ఆమె అక్కతో మాట్లాడలేదు. ఆకుపచ్చ కోటు లేదు. ఏ రంగు కోటూ కొనలేదు. "అవును బావా" అంది. ఇంకేం అనగలదు? ఆయన ముఖం చూసి, "అవును, ఆకుపచ్చది" అని మళ్ళీ అంది.

రాత్రంతా ఆ కోటు గురించే ఆలోచించింది. ఇప్పుడు గడియారంలో పదకొండూ ముప్ఫై అయిదు. రాయప్ప కౌంటరు ఆమె వీపు వెనకే, చెక్క గోడ భుజాల దాకానే ఉంది, తల తిప్పితే చాలు. తల తిప్పడానికి ఇంతసేపు పట్టింది. తెలుసుకున్నాక ఇంకేమీ మిగలదేమోనని భయం. తెలుసుకోకుండా ఆ 'వద్దు' చెప్పేసి పోదామనే ఆశ కూడా.

"రాయప్ప గారూ, అక్క ఇక్కడికి ఎప్పటిదాకా వచ్చింది?"

"చివరి ఆదివారం దాకా వచ్చారండి." అతను ఏదో రాసుకుంటున్నవాడు కలం మూత పెట్టాడు. "పదకొండుకి వచ్చి పన్నెండు దాకా కూచునేవారండి. మధ్యలో మీరు చెయ్యటం మానేశారు కదా, అయినా వచ్చేవారు. పేరు కొట్టి తెరిచి పెట్టమనేవారు, హెడ్‌ఫోను పెట్టుకుని కూచునేవారు. మీ పేరు పక్కన దీపం వెలుగుతుందేమోనని చూసేవారండి. ఆ టైముకి మూడో నెంబరు ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. నేను ఆవిడ దగ్గర ఏడోక్లాసు చదివానండి."

ఆమె పేరు పక్కన దీపం వెలగలేదు. ఆ జూలై ఆదివారమే స్వరలింక్‌ని తన కంప్యూటర్లోంచి పీకేసింది కాబట్టి వెలిగే వీలు లేదు. "ఆ చివరిసారి నేను మాట్లాడిన రోజు, మీరు ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నానండి. ఆ రోజు టీచరు గారు ఏడ్చారు. నాకు బాగా గుర్తు, నేనెప్పుడూ ఆవిడ ఏడవటం చూళ్ళేదు. నోరు మూసుకుని, కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తా, ఊ ఊ అంటానే ఉన్నారండి మీరు చెప్పినంతసేపూ. చివర్లో తల ఇట్టా అడ్డంగా ఊపుతా ఉహుఁ, ఉహుఁ అన్నారు. నాలుగైదుసార్లన్నారు. అని, కాసేపు చూసి, లైను పోయినట్టుందిరా రాయప్పా అన్నారు."

"మైకు నోటి దగ్గర లేదా?"

"ఎక్కడండీ!" రాయప్ప నవ్వబోయి మానుకున్నాడు. "ముందర్నుంచీ చెప్పేవాణ్ణి, మైకు నోటి దగ్గర పెట్టుకోండి టీచరు గారూ అని. పదిమంది నోళ్ళు తగిలిందిరా, ఎంగిలి అనేవారు. మెడ కిందికి వంచేసేవారు. గట్టిగా మాట్లాడితే అందుతుందిగా అనేవారు."

ఎంగిలి. సుధకి నవ్వొచ్చింది, నిజంగా నవ్వొచ్చింది, అది గొంతులోనే ఏడుపైపోయింది. మంచినీళ్ళు ఎత్తి పోసుకోవడం తప్ప గ్లాసు పెదవికి తగిలించని మనిషి, ఊరందరి నోళ్ళూ తగిలిన స్పంజి ముక్కని ఎలా దగ్గరికి రానిస్తుంది? బెంగుళూరు కుర్రాళ్ళ కొలతల్లో ఇది లేదు. నోరు మూసుకునే జవాబు చెప్పే మనుషులు కూడా వాళ్ళ కొలతల్లో లేరు. తప్పా అక్కా అంటే, ఉహుఁ. తప్పు కాదు. నాలుగైదుసార్లు చెప్పింది. మెడ కింద ఉన్న మైకు ఆ చెప్పింది విననే లేదు. విన్నా కత్తిరింపు ఒప్పుకోదు. అక్క ఇంటికి పోయింది, చెల్లెలికి ధైర్యం చెప్పి పంపించాననుకుంటూ పోయింది. తర్వాతి ఆదివారం వచ్చింది. ఆ తర్వాతది. ఇంటికి పోయి మొగుడికి ఏం చెప్పాలో తెలియక దారిలో నడుస్తూ నడుస్తూ ఆమ్‌స్టర్‌డామ్‌లో మంచు కురిపించింది, చెల్లెలికి చలికి కోటు కొనిచ్చింది. జీవితమంతా వినడమే తెలిసిన అక్క, చెప్పేవాళ్ళు లేకపోయేసరికి తనే చెప్పుకోవడం నేర్చుకుంది.

అయితే చంపెయ్యాలి దీన్ని. రిపోర్టులో ఆ మాట ఉన్నచోటే ఉంది. అక్కని మింగిన దాన్ని ఎవరో కొని, పెద్ద పేరు తగిలించి, ఊరూరా అమ్ముతారా? పది నిమిషాలు ఆగితే ఒక్క మాటతో పోతుంది. ఒకటో నెంబరు గూట్లోకి ఎవరో వచ్చి కూర్చున్నారు, గాజుల చప్పుడు. "రా శివపార్వతీ, మీ ఆయన అప్పుడే వచ్చి కూచున్నాడు" అని రాయప్ప స్వరలింక్ తెరిచి మీట నొక్కాడు. వినగడప నుంచి పొద్దున్న బస్సుకి వచ్చిందట. మొగుడు మస్కట్‌లో తాపీపని. ఆమె హెడ్‌ఫోను పెట్టుకోవడం ఆలస్యం, "ఏందయ్యా, గెడ్డం గీసుకున్నావా లేదా, చెప్పు ముందు" అని అందుకుంది. పత్తి విత్తనం గురించీ, బర్రె ఈనడం గురించీ, మరిది తగాదా గురించీ గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. మధ్యలో అవతలివాడు ఏదో అన్నట్టున్నాడు, సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుధ ఆమెనే చూస్తోంది. ఈమె మైకు నోట్లోకే పోయేంత దగ్గరగా ఉంది. తను ఒక్క మాట అంటే వచ్చే ఆదివారం ఈమె ఎక్కడికి వెళ్తుంది? శివపార్వతి ఉన్నట్టుండి ఆగి, "వింటన్నావా? ఓయ్, వింటన్నావా?" అంది. అవతలినుంచి జవాబు వచ్చినట్టు లేదు. శివపార్వతి మళ్ళీ అడిగింది. మళ్ళీ. "నిన్నే, చెవుల్లో ఏం పెట్టుకున్నావు? నువ్వు పలికేదాకా నేను లేవను, బస్సు పోతే పోయింది" అని నవ్వుతూ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. పలికాడు కాబోలు, మళ్ళీ మరిది తగాదా దగ్గర్నుంచి ఎత్తుకుంది.

అంతే. అదంత తేలిక. సుధ తన చేతుల వంక చూసుకుంది. మిషను ఊని కత్తిరించింది, నిజమే. మరి ఫోను పెట్టేసింది ఎవరు? మళ్ళీ చేసి "అక్కా, ఏమన్నావు, వినపడలేదు" అని అడగనిది ఎవరు? ఉత్తరాన్ని సొరుగులో పడేసింది ఎవరు? ఇంటి ఫోను నెంబరు ఆమెకి నోటికి వచ్చు. శరత్‌చంద్ర నలభై రోజులు పలకలేదని కదూ అంత ఏడ్చింది. తను అక్కకి చేసింది అదే. నలభై రోజులు కాదు, ఏడు నెలలు. పదిహేను రోజులుగా ఆ సాఫ్ట్‌వేరుని పట్టుకుని వేలాడింది దీన్ని చూడకుండా ఉండటానికే.

పన్నెండుకి మూడు నిమిషాలుందనగా పిలుపు వచ్చింది. హెడ్‌ఫోను స్పంజి చెవికి చెమటగా తగిలింది. మైకు మెడ కిందికి వంగి ఉంటే సరిచేసుకుంది.

"వినిపిస్తోందా సుధామయి గారూ? భలే, గోడ అవతల ఉన్నట్టుందండీ మీ గొంతు!" వెంకటకృష్ణారావు గారు మంచి హుషారు మీదున్నారు. "పైవాళ్ళు నా నెత్తి మీద కూర్చున్నారు. రిపోర్టు ఇప్పుడే తిరగేశాను. చివర వద్దని ఉంది. ఖాయమేనా?"

సుధ వెంటనే మాట్లాడలేదు. ఆయన కూడా ఆగారు. ఇద్దరి మధ్యా చెవిలో ఆ హోరు సన్నగా మొదలైంది.

"సుధామయి గారూ, ఉన్నారా?"

"ఉన్నానండి. అది మార్చమని చెబుదామనే. కొనొచ్చండి."

"అదేంటండీ! చిన్న చప్పుళ్ళు మింగేస్తుంది, అది చాలా పెద్ద లోపం, నమ్మడానికి వీల్లేదు అని మీరే ఒక పేజీ నిండా రాశారుగా. కోపంగా కూడా రాశారు."

"రాశానండి. లోపం పెద్దదే. మనవాళ్ళు నోరు తెరవకుండా కూడా చాలా మాట్లాడతారు, అదంతా పోతోంది. కానీ దీన్ని మూసేస్తే మొత్తం పోతుందండి. కొన్నాక అన్నిటికంటే ముందు అదే బాగుచెయ్యాలి. అలా అయితేనే కొనమని రాయండి."

"అసలు బాగవుతుందా?"

"అవుతుందండి. ఉమాశంకర్ గారితో మాట్లాడాను. ఎంత సన్నగా ఉన్నా గొంతుని గొంతుగా పట్టుకునేలా మార్చొచ్చు."

"ఎన్నాళ్ళ పనండీ? ఏడాదా?"

ఈ లెక్క ఆమె ల్యాబులోనే వేసింది. కాగితం మీద వేసి, ఎవరికీ చూపించకుండా మడిచి సంచిలో పెట్టుకుంది. ఏడాది అని చెప్పగలిగితే ఎంత బాగుండేది. ఏడాది కష్టపడితే గానీ తెగని చిక్కు తమ ఇద్దరి మధ్యా పడిందని చెప్పుకోగలిగితే.

"మూడు వారాలండి."

"మూడు వారాలేనా? ఇంతోటి దానికా వద్దన్నారు! సరే అయితే, కొందాం" అని ఆయన గట్టిగా నవ్వి, పక్కవాళ్ళతో ఇంగ్లీషులో ఏదో చెబుతూ పెట్టేశారు.

ఆమె హెడ్‌ఫోను తియ్యలేదు. ఒకటో నెంబరులో శివపార్వతి బస్సు సంగతే మర్చిపోయి మాట్లాడుతోంది. రాయప్ప వెనకనుంచి, "అయిపోయిందాండి?" అని అడిగాడు. మూడు వారాల్లో బాగయ్యే లోపం. దాని అవతల అక్క ముప్ఫై ఆదివారాలు కూర్చుంది. ఇవతల తను ఇరవై దాకా లెక్కపెట్టి, లేచిపోయింది.